పాయింటు జరిపితే లెక్క వచ్చినట్టు కాదు

దశాంశాలు, శాతాలు అనగానే మన ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. "అందులో ఏముంది, పాయింటు ఎటు జరపాలో తెలిస్తే చాలు" అన్నది మొదటిది. "చెప్పడానికి మాకేం వచ్చు, ట్యూషన్‌లో వేశాం" అన్నది రెండోది. మొదటిది చదువుకున్న ఇళ్లలో ఎక్కువ వినిపిస్తుంది, రెండోది అంతగా చదువుకోని ఇళ్లలో. రెండింటి వెనకా ఉన్నది ఒకే నమ్మకం: ఈ లెక్కలు పుస్తకంలో పుట్టి పుస్తకంలోనే ఉండేవి, సూత్రం వచ్చినవాళ్లు రానివాళ్లకు అప్పజెప్పేవి అని. ఆ నమ్మకం తప్పు. నాలుగైదు తరగతుల పిల్లల లెక్కల చదువును ఇంతగా దెబ్బతీసే నమ్మకం మరొకటి లేదని నేననుకుంటున్నాను. దశాంశమూ శాతమూ కొలతలోంచి వచ్చాయి. కొలతలు ఉండేది వంటింట్లో, అంగట్లో, కళ్లంలో. ఎంత అన్నది తెలిశాకే ఎలా అన్న సూత్రం తలకెక్కుతుంది. ఆ ఎంత అన్నది తెలుసుకోవడానికి ఇంటికి మించిన చోటు లేదు.

ముందు సూత్రం చేసే చెరుపు చూద్దాం. 0.4, 0.35. ఈ రెంటిలో ఏది పెద్దదని ఐదో తరగతి పిల్లలను అడగండి. చాలామంది తడుముకోకుండా 0.35 అంటారు. ముప్పై అయిదు నాలుగు కంటే పెద్దది కదా అన్నది వాళ్ల వాదన. ఆ పిల్లలకే ఆ రెండింటినీ కూడమని ఇవ్వండి. పాయింటు కింద పాయింటు పెట్టి, ఖాళీ చోట సున్నా వేసి, 0.75 అని తప్పులేకుండా రాస్తారు. పేజీ నిండా టిక్కులు పడతాయి, పదికి పది మార్కులు వస్తాయి, ఇంట్లో అందరూ సంతోషిస్తారు. రాసిన జవాబు ఒప్పే. కానీ రాసిన పిల్లకు 0.4 అంటే ఎంతో తెలియదు. ఎంతో తెలియని రెండింటిని కూడి, ఎంతో తెలియని మూడోదాన్ని రాసింది.

ఇది ఒకరిద్దరు పిల్లల పరధ్యానం కాదు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో కే స్టేసీ, విక్కీ స్టైన్లే అనే పరిశోధకులు 1990లలో వేల మంది పిల్లలకు దశాంశాలను పోల్చే ప్రశ్నలిచ్చి, ఆ పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. తప్పులు ఎలాబడితే అలా రాలేదు. వాటికి ఒక వరస ఉంది. కొందరు పిల్లలు అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దదనుకుంటారు. మరికొందరు దానికి తలకిందులుగా, అంకెలు తక్కువుంటేనే పెద్దదనుకుంటారు. వందోవంతులు పదోవంతుల కంటే చిన్నవి గనుక వందోవంతులున్న సంఖ్య ఏదైనా చిన్నదే అని వాళ్ల లెక్క. ఈ రెండో రకం పిల్లవాణ్ని 0.4, 0.35లలో ఏది పెద్దదని అడిగితే 0.4 అని ఒప్పే చెప్తాడు. మార్కూ పడుతుంది. 0.3, 0.35 ఇచ్చి అడిగితే గానీ వాడి పొరపాటు బయటపడదు. వంద లెక్కల వర్క్‌షీటు చేయించినా ఇది దొరక్కపోవచ్చు, ఎందుకంటే వర్క్‌షీటు జవాబు చూస్తుందే తప్ప కారణం అడగదు. "అదెట్లా?" అని అడిగే మనిషి పక్కన కూర్చోవాలి. నలభై మంది ఉన్న తరగతిలో ప్రతి పిల్ల పక్కనా కూర్చునే తీరిక టీచరుకు ఎక్కడ దొరుకుతుంది?

పాయింటు జరిపే సూత్రాన్నే తీసుకోండి. రెండో తరగతిలో పదితో గుణిస్తే చివర సున్నా చేర్చమని చెప్పాం. ఐదో తరగతికి వచ్చిన పిల్ల ఆ మాటే నమ్మి 2.5ను పదితో గుణించి 2.50 అని రాస్తుంది. అప్పుడు మనం కోప్పడి, ఇక్కడ సున్నా కాదు, పాయింటు కుడికి జరపాలి అని కొత్త సూత్రం ఇస్తాం. భాగహారం వచ్చేసరికి ఎడమకు. శాతాన్ని దశాంశం చేయాలంటే ఎడమకు రెండు. దశాంశాన్ని శాతం చేయాలంటే కుడికి రెండు. ఎటో, ఎందుకో తెలియకుండా జరుపుతూ పోయే పిల్ల పరీక్ష రోజున కంగారులో అటుది ఇటు జరిపితే తప్పెవరిది? నిజానికి పాయింటు ఎక్కడికీ జరగదు. అది ఒకట్ల స్థానం పక్కనే ఉంటుంది. జరిగేవి అంకెలు. రెండున్నర మీటర్ల గుడ్డ ముక్కలు పది ఉంటే, అందులోని రెండ్లన్నీ కలిసి ఇరవై అవుతాయి, అరలన్నీ కలిసి అయిదు అవుతాయి, మొత్తం ఇరవై అయిదు మీటర్లు. ఒకట్ల చోటున్న 2 పదుల చోటికి ఎక్కింది, పదోవంతుల చోటున్న 5 ఒకట్ల చోటికి ఎక్కింది. ఇది చూసిన పిల్ల 2.50 అని రాయదు. పది ముక్కలు కలిపినా రెండున్నర మీటర్లే ఉంటుందా అన్న ప్రశ్న దానికే పుడుతుంది.

"ముందు పద్ధతి వస్తే అర్థం తర్వాత అదే వస్తుంది" అని సర్దిచెప్పేవాళ్లున్నారు. రావడం లేదు. 2023 ఏసర్ (వార్షిక విద్యా స్థితి) నివేదిక 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ పిల్లల గురించి చెప్పింది చూడండి. కనీసం తీసివేత వచ్చిన పిల్లల్లోనే డిస్కౌంటు పోగా ఎంత కట్టాలో చెప్పగలిగింది సుమారు 37 శాతం మంది. అప్పు తీర్చడానికి మొత్తం ఎంత కట్టాలో లెక్కగట్టగలిగింది సుమారు 10 శాతం. వీళ్లలో అత్యధికులు బడి మెట్లెక్కినవాళ్లే, పాయింటు జరిపే సూత్రం చదివినవాళ్లే. తర్వాత వస్తుందన్న ఆ అర్థం పద్దెనిమిదేళ్లకు కూడా రాకపోతే ఇంకెప్పుడు వస్తుంది?

ఈ లెక్కలు పండితుల సొత్తు అన్న భ్రమ పోవాలంటే వాటి పుట్టుక కొంచెం తెలియాలి. పదో శతాబ్దంలో డమాస్కస్‌లో అల్ ఉక్లిదిసీ, పదిహేనో శతాబ్దంలో సమర్‌ఖండ్‌లో అల్ కాషీ దశాంశ భిన్నాలతో లెక్కలు చేశారు. ఐరోపాలో వాటిని పదిమందికీ చేర్చింది ఫ్లెమిష్ ఇంజనీరు సైమన్ స్టెవిన్. 1585లో 'డె తీండె' అనే చిన్న పుస్తకం అచ్చువేశాడు. ఎవరి కోసం? నక్షత్రాలు లెక్కించేవాళ్లతో పాటు భూమి కొలిచేవాళ్లు, తివాచీలు కొలిచేవాళ్లు, ద్రాక్షసారా పీపాలు కొలిచేవాళ్లు, నాణేలు ముద్రించేవాళ్లు, వర్తకులు. పుస్తకం మొదట్లోనే వాళ్లందరినీ పేరుపెట్టి పిలిచాడు. భిన్నాల బాధ లేకుండా మామూలు కూడికలు, తీసివేతల్లాగే అన్నీ చేసుకోవచ్చని వాళ్లకు చూపించాడు. నాణేలు, తూనికలు, కొలతలు కూడా పదుల్లోకి మారాలని కోరాడు.

ఆ మార్పు మనకు 1957 ఏప్రిల్ 1న వచ్చింది. అప్పటిదాకా రూపాయికి పదహారు అణాలు, అరవై నాలుగు పైసలు. ఆ రోజు నుంచి వంద నయా పైసలు. పాత అణా కచ్చితంగా ఆరుంబావు నయా పైసలు, కానీ పావు పైసా నాణెం లేదు. అందుకని అణాకు 6, రెండణాలకు 12, మూడణాలకు 19, నాలుగణాలకు 25 అని పట్టిక చూసుకుని మార్చుకున్నారు. మరుసటి ఏడాది అక్టోబరులో కిలోలు, గ్రాములు మొదలయ్యాయి. వీశెలు, మణుగులు, సేర్లు మెల్లగా తప్పుకున్నాయి. పావు, అర, ముప్పావు, పరక, వీసం అంటూ సగాలకు సగాలుగా లెక్కించే జనం పదోవంతులకు, వందోవంతులకు మారారు. ఆ తరంలో అక్షరం రానివాళ్లే ఎక్కువ. అయినా సంతలో కూరలమ్మే ఆమె, తూకం రాళ్లు మార్చుకున్న కోమటి, చిల్లర తీసుకునే కూలి మనిషి, అందరూ నేర్చుకున్నారు. ఏ ట్యూషనూ లేకుండా ఒక దేశం దేశమే దశాంశాలు నేర్చుకున్న ఉదాహరణ మన కళ్లముందే ఉండగా, చదువు లేని ఇంట్లో దశాంశాలు చెప్పలేరని ఎలా అంటాం?

ఇక "చెప్పడానికి మాకేం వచ్చు" అన్న ఆ రెండో మాటను తిన్నగా ఎదుర్కోవాలి. "మా అమ్మానాన్నలకు లెక్కలు రావు" అనే పిల్లలు చాలామంది రైతుల ఇళ్ల నుంచి, పాడి ఉన్న ఇళ్ల నుంచి, పొదుపు సంఘాల ఇళ్ల నుంచి వచ్చేవాళ్లే. ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదన్నది నియమం. యంత్రంలో 16.8 వచ్చిందా, 17.4 వచ్చిందా అన్నదాని మీద ఆ రాత్రి ధాన్యం కాటా ఎక్కుతుందా, మళ్లీ కళ్లంలో ఆరబెట్టుకోవాలా అన్నది తేలుతుంది. దశాంశ స్థానం విలువ ఎంతో ఆ రైతుకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

పాల కేంద్రం చీటీ తీసుకోండి. గేదె పాలు పోసే ఇంటికి పూటకొక చీటీ వస్తుంది. అరచేతి అంత కాగితం. దాని మీద పాలెన్ని లీటర్లు, వెన్న ఎంత శాతం, వెన్న కాని ఘనపదార్థాలు ఎంత, రేటెంత, డబ్బెంత, అన్నీ పాయింట్లతోనే ఉంటాయి. పొద్దుట పోసినవి 4.6 లీటర్లు, వెన్న 6.8 అని, సాయంత్రం పోసినవి 4.35 లీటర్లు, వెన్న 7.2 అని ఉందనుకుందాం. "ఏమ్మా, పొద్దుట పాలెక్కువా, సాయంత్రం పాలెక్కువా?" అని నాన్న అడిగితే, సూత్రం చదివిన పిల్ల సాయంత్రమే అనవచ్చు, 35 ఆరు కంటే పెద్దది కాబట్టి. పాలు పిండి, క్యానులో పోసి, మోసుకెళ్లిన మనిషి ఆ మాట ఒప్పుకోడు. "నాలుగున్నర దాటింది పొద్దుటా, సాయంత్రమా?" అని మళ్లీ అడుగుతాడు. నాలుగున్నర అంటే 4.5 అని పిల్లకు తెలుసు. 4.6 దాన్ని దాటింది, 4.35 దాటలేదు. పుస్తకం ఏడాదంతా చెప్పలేనిది ఆ ఒక్క ప్రశ్న చెప్పేసింది. లీటరును కిలోగానే అనుకుంటే ఇంకో అడుగు వేయవచ్చు. వెన్న 6.8 శాతం అంటే లీటరుకు సుమారు 68 గ్రాములు. 4.6 లీటర్లకు 312.8 గ్రాములు. సాయంత్రం లీటరుకు 72 గ్రాముల చొప్పున 4.35 లీటర్లకు 313.2 గ్రాములు. పాలు పావు లీటరు తగ్గినా వెన్న తగ్గలేదు. అందుకే రెండు పూటలా డబ్బు దాదాపు సమానంగా వచ్చింది. నాన్నకు ఈ సంగతి అనుభవంలో ముందే తెలుసు. పిల్ల కాగితం మీద రుజువు చేసి చూపించింది. ఇంతకంటే మంచి ఐదో తరగతి లెక్క ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు.

పట్నంలో ఉన్నవాళ్లకూ లోటు లేదు. పాల ప్యాకెట్టు మీద టోన్డ్ అయితే కొవ్వు 3.0 శాతం, ఫుల్ క్రీమ్ అయితే 6.0 శాతం అని ఉంటుంది. అర లీటరు ప్యాకెట్లో అది ఎన్ని గ్రాములు? కిరాణా కొట్లో పావు కిలో పప్పు తూస్తే కాటా మీద 0.250 అని పడుతుంది. 0.25కు, 0.250కు తేడా ఉందా? జ్వరమొస్తే థర్మామీటరులో 99.8, మళ్లీ చూస్తే 100.4. ఎంత పెరిగింది?

శాతాల దగ్గరకు వస్తే మన ఊళ్లలో వాటి వాడుక ఇంకా పాతది. అప్పు ఇచ్చేవాడు "రెండు రూపాయల వడ్డీ" అంటాడు. నూటికి నెలకు రెండు రూపాయలని ఊరందరికీ తెలుసు. అంటే ఏడాదికి 24 శాతం. రూపాయిన్నర వడ్డీ అంటే 18 శాతం. బ్యాంకు 12 శాతం అంటే అది రూపాయి వడ్డీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మహిళా సంఘాల అప్పులకు పావలా వడ్డీ పథకం పెట్టినప్పుడు, సంతకం కూడా సరిగా రాని ఆడవాళ్లకు అది నూటికి నెలకు పావలా అని, ఏడాదికి మూడు రూపాయలు పడుతుందని చెప్పాల్సిన పని లేకపోయింది. 0.25ను పన్నెండుతో గుణిస్తే 3 అన్నది వాళ్లకు నోటి లెక్క. ఆ ఇంటి పిల్ల ఏడో తరగతిలో సరళవడ్డీ పాఠం దగ్గర బిక్కమొహం వేస్తే, తప్పు ఆ తల్లిది కాదు. తల్లికి తెలిసిన లెక్కకూ బడి చెప్పే లెక్కకూ మధ్య ఎవరూ దారి వేయలేదు.

ఆ దారి దానంతట అదే పడదు. ఇది నా పక్షాన ఉన్నవాళ్లకే నేను చెప్పాల్సిన మాట. సూత్రాన్ని వ్యతిరేకించేవాళ్లలో కొందరు, పిల్లల్ని బజారుకు పంపితే చాలు, బతుకే నేర్పుతుంది అంటారు. అది కూడా సరికాదు. 1985లో ప్రచురించిన ఒక అధ్యయనం కోసం బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో టెరెజినా నూనెస్, ఆమె సహ పరిశోధకులు వీధుల్లో సరుకులమ్మే పిల్లలను పరిశీలించారు. అమ్మకాల దగ్గర 98 శాతం లెక్కలు సరిగ్గా చేసిన ఆ పిల్లలే, అవే అంకెలను వట్టి కూడికలు, గుణకారాలుగా కాగితం మీద ఇస్తే 37 శాతమే సరిగ్గా చేశారు. ఆ తర్వాత నలభై ఏళ్లకు, 2025లో, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద చేసిన అధ్యయనం 'నేచర్' పత్రికలో వచ్చింది. అక్కడా అంతే. బేరాల లెక్కలు నోటితో చకచకా చేసే పిల్లలు బడి లెక్కల దగ్గర ఆగిపోయారు. బడి లెక్కలు బాగా చేసే పిల్లలు బేరాల లెక్కల దగ్గర తడబడ్డారు. ఒక గట్టున నేర్చింది రెండో గట్టుకు దాటలేదు.

దాటించే పని ఇంట్లోనే కావాలి. అది పెద్ద పనేమీ కాదు. నోటితో అన్నదాన్ని అంకెల్లో రాయించడం, అంకెల్లో రాసినదాన్ని చేత్తో కొలిపించడం. "ముప్పావు కిలో" అన్న పిల్ల చేత 0.75 అని రాయించాలి. 1.2 మీటర్లు, 1.15 మీటర్లు అని పుస్తకంలో ఉంటే దర్జీ టేపు నేల మీద పరిచి రెండు చోట్లా వేలు పెట్టించాలి. అప్పుడు ఏది పెద్దదో నోటితో చెప్పనక్కర్లేదు, ఏ వేలు ముందుందో కనిపిస్తుంది. పిల్ల కొలవడానికి ముందే "ఎంతుండొచ్చు?" అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్న నేను అన్నిటికంటే పైన పెడతాను. కిటికీ వెడల్పు 12 మీటర్లని పుస్తకంలో రాసుకున్న పిల్ల, కొలవకముందే "మీటరు దాటుతుందేమో" అని ఉంటే, పాయింటు మర్చిపోయానని తనే గుర్తుపడుతుంది.

ఇంటి కొలతలన్నీ పదుల్లో ఉండవన్న సంగతి కూడా చెప్పాలి. పాయింటు కనిపించిన ప్రతిచోటా దశాంశమే అనుకునే పిల్లలు చాలామంది. టీవీలో 19.3 ఓవర్లు అంటే పంతొమ్మిది ఓవర్ల మూడు బంతులు. ఓవరుకు ఆరు బంతులు కనుక మూడు బంతులంటే అర ఓవరు. అసలు దశాంశంలో అది 19.5. ఒక జట్టు 19.3 ఓవర్లలో 156 పరుగులు చేస్తే రన్‌రేటు 156ను 19.5తో భాగిస్తే వచ్చే 8. 19.3తో భాగించిన పిల్లకు 8.08 వస్తుంది, టీవీలో చూపించేది 8.00. ఆ తేడా ఎక్కడిదని వెతికించండి. క్రికెట్ పిచ్చి ఉన్న పిల్లవాడు దాని కోసం గంటసేపు కూర్చుంటాడు. ఎత్తుల సంగతీ అంతే. 5.10 ఉన్న అన్నయ్య 5.9 ఉన్న నాన్న కంటే పొడుగు. ఇక్కడ పాయింటు తర్వాత ఉన్నవి అంగుళాలు, అడుగుకు పన్నెండు. అదే దశాంశమైతే 5.10 చిన్నది. ఈ తేడా ఒకసారి తలకెక్కిన పిల్లకు పదోవంతు అంటే ఏమిటో మరి మరపుకు రాదు.

డబ్బు ఒక్కటే చాలదని కూడా అంటాను. పుస్తకాలు ఇప్పటికీ దశాంశాలకు రూపాయలు, పైసలను వాడుతుంటాయి. 2011 జూన్ 30తో పావలా, దానికి లోపలి నాణేలన్నీ చెల్లకుండా పోయాయి. అర్ధరూపాయి చట్టప్రకారం చెల్లినా చేతికి వచ్చేది అరుదు. నేటి పిల్లకు పైసా అంటే పుస్తకంలోని మాట. పైగా రూ. 4.35ను మనం నాలుగు రూపాయల ముప్పై అయిదు పైసలు అని రెండు వేర్వేరు సంఖ్యలుగా చదువుతాం. మూడో అంకె వస్తే డబ్బుతో నేర్చిన పిల్ల ఆగిపోతుంది. 0.125 రూపాయి ఎంత అని చెప్పలేదు. తూకంలో 0.125 కిలో అంటే నూట పాతిక గ్రాములు, కాటా మీద పెట్టి చూపించవచ్చు. అందుకే తూకాన్నీ పొడవునూ ముందుంచి, డబ్బును వాటి తర్వాత తేవాలి.

శాతాల దగ్గర మన ఇళ్లలో అసలు అడగని ప్రశ్న ఒకటుంది: దేంట్లో శాతం? ఆషాఢం సేల్‌లో 50 శాతం, దాని మీద ఇంకో 20 శాతం తగ్గింపు అని బోర్డు కడతారు. డెబ్భై శాతం తగ్గిందని ఇల్లంతా సంబరపడుతుంది. రెండు వేల చీర సగానికి తగ్గితే వెయ్యి. మిగిలిన ఇరవై శాతం ఆ వెయ్యిలోనే, రెండు వేలల్లో కాదు. రెండు వందలు పోగా ఎనిమిది వందలు. తగ్గింది మొత్తం మీద 60 శాతం. అయిదు వందల వస్తువు ధర 20 శాతం పెంచి, మళ్లీ 20 శాతం తగ్గిస్తే మొదటి ధరకు రాదు, 480కి వస్తుంది. ఎందుకంటే పెంచింది అయిదు వందల మీద, తగ్గించింది ఆరు వందల మీద. పదేళ్ల పిల్లకు ఇది అర్థం కాదంటారా? చీర ధర ట్యాగు చేతిలో పెట్టి, మొదట ఎంత, ఇప్పుడెంత అని ఒక్కో మెట్టూ రాయించండి. అర్థమవుతుంది. బంగారం కొట్లో 916 అన్న ముద్ర చూపించి, ఇరవై నాలుగులో ఇరవై రెండు వంతులు బంగారమైతే వెయ్యిలో ఎంతవుతుందని అడగండి. భాగహారం వచ్చిన పిల్ల 916 దగ్గరకు తానే చేరుతుంది. అక్కడే తరుగు ఎంత శాతం వేస్తున్నారో, అది దేని మీద వేస్తున్నారో కూడా అడగమనండి.

"ప్రైమరీ పిల్లలకు శాతాలెందుకు, ఆరేడు తరగతుల్లో వస్తాయిగా" అన్న అభ్యంతరం ఉంది. ఇంగ్లండు పాఠ్యప్రణాళికలో తొమ్మిది, పదేళ్ల పిల్లలకే శాతాన్ని వందలో వంతుగా పరిచయం చేస్తారు. అక్కడ చేస్తున్నారు కాబట్టి ఇక్కడా చేయాలని నేననను. కానీ ఫోను బ్యాటరీ 15 శాతం ఉందని గోల చేసే మూడో తరగతి పిల్లకు శాతం తెలియదనడం కుదరదు. 50 శాతం అంటే సగమని, 25 అంటే పావని, 10 అంటే పదో వంతని దానికి తెలుసు, లేదా రెండు రోజుల్లో తెలుస్తుంది. ఆ మూడింటితో చాలా దూరం వెళ్లవచ్చు. 15 శాతం కావాలంటే పదో వంతుకు అందులో సగం కలిపితే చాలు. సూత్రం అక్కర్లేదు.

స్పీడు గురించి కూడా చెప్పాలి. అబాకస్ క్లాసులు, వేగంగా గుణించే చిట్కాల క్లాసులు మన పట్నాల్లో వీధికొకటి ఉన్నాయి. ముందుముందు పోటీ పరీక్షల్లో నిమిషానికో లెక్క చేయాలి కదా అన్నది తల్లిదండ్రుల ఆరాటం. ఆ ఆరాటం నాకు అర్థమవుతుంది. పిల్లల భవిష్యత్తు గురించి భయం లేని తల్లిదండ్రులు ఎవరు? కానీ 0.35, 0.4లలో ఏది పెద్దదో తెలియని పిల్లకు వేగం నేర్పితే తప్పు జవాబు త్వరగా వస్తుంది, అంతే. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో నాలుగు జవాబులిస్తే, అందులో రెండు పాయింటు తప్పుచోట పెట్టినవే ఉండొచ్చు. ఎంతుండొచ్చో అంచనా కట్టగల పిల్ల ఆ రెంటినీ చూడగానే కొట్టేస్తుంది. వేగం అక్కడ వస్తుంది.

తీరిక లేదన్నది చివరి అభ్యంతరం. పొద్దున్నే పనికి పోయి చీకటిపడ్డాక వచ్చే తల్లికి టేపు పరిచి కూర్చోమని చెప్పడం అన్యాయమే. నేను అడిగేది పాఠం చెప్పమని కాదు. ఎలాగూ జరిగే పనుల్లోనే పిల్లను కలుపుకోమని. నూనె పోసేటప్పుడు లీటరు సీసాలో ఎంత మిగిలిందని అడగడానికి, పాల చీటీ చదవమని ఇవ్వడానికి, కాటా మీద అంకె ఏమిటని అడగడానికి వేరే సమయం అక్కర్లేదు. జవాబు తప్పైతే దిద్దే చదువు లేదన్న బెంగా వద్దు. "చూపించు" అంటే చాలు. కొలిచి చూపించేటప్పుడు తప్పు తనే పట్టుకుంటుంది.

నిజంగా మారాల్సింది ఇంటికంటే ముందు బడి ఇచ్చే హోంవర్కు. ఐదో తరగతికి ఒకే రకం దశాంశ కూడికలు నలభై ఇచ్చి పంపే బడులు, వాటి బదులు వారానికొక్క లెక్క ఇవ్వాలి: ఇంట్లో పాయింటున్న సంఖ్య ఒకటి వెతికి, అది దేని కొలతో రాసి, దానికంటే కొంచెం పెద్దదీ కొంచెం చిన్నదీ కూడా వెతికి తీసుకురావాలి. పాడి ఉన్న ఇంటి నుంచి పాల చీటీ వస్తుంది, టైలరు ఇంటి నుంచి జాకెట్టు కొలతలు వస్తాయి, ఆటో నడిపే ఇంటి నుంచి పెట్రోలు బంకు రసీదు వస్తుంది. సోమవారం టీచరు బల్ల మీద నలభై వేర్వేరు లెక్కలుంటాయి. ఒకే జవాబు చూసుకుని దిద్దే వీలుండదు, ఎక్కువసేపు పడుతుంది. 4.35ను 4.6 కంటే పెద్దదని రాసిన పిల్లలెవరో, 0.3ను 0.35 కంటే పెద్దదని రాసినవాళ్లెవరో మాత్రం ఆ రోజే తెలిసిపోతుంది. మంగళవారం పాఠం ఎవరి దగ్గర మొదలుపెట్టాలో కూడా.